విప్పి మళ్లీ కుట్టొచ్చు



సైట్ సూపర్‌వైజర్లు సూదీ దారం గురించి మాట్లాడతారంటే కొంతమందికి నవ్వు రావచ్చు. కానీ క్యాంపులో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. ప్యాంటు కుట్టు ఊడినా, బ్యాగు పట్టీ తెగినా అమ్మ దగ్గరికి పోలేం, ఊళ్లో టైలర్ దగ్గరికీ పోలేం. మన చేత్తో మనమే కుట్టుకోవాలి. మా రూముల్లో అట్లా మొదలైన పని, ఇప్పుడు సెలవు రోజున నలుగురం కూర్చుని నేర్చుకునే పని అయింది. మాకు గురువు ఎవరూ లేరు. చేసి చూడటం, విప్పటం, మళ్లీ చేయటం, అంతే.

పాత లుంగీతో కూరగాయల సంచి కుట్టాం. పట్టీని ఒకే వరుస కుట్టుతో వేసి, 5 కిలోల బియ్యం పెట్టి, కావాలనే గోడ మేకుకు తగిలించి వదిలేశాం. రాత్రికల్లా ఊడింది. చూస్తే దారం తెగలేదు, కుట్టు పక్కన బట్ట చిరిగింది. అంటే బరువంతా ఒక్క గీత మీదే పడుతోంది. రెండో సంచికి పట్టీ చివర లోపలివైపు ఇంకో గుడ్డ ముక్క వేసి, చుట్టూ చదరంగా, మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టాం. అది నిలబడింది. స్కాఫోల్డింగ్ కాలు కింద బేస్ ప్లేటు, దాని కింద చెక్క ఎందుకు పెడతాం? బరువు పంచటానికే కదా!

తర్వాత బొంత పట్టాం. మన ఊళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు పాత చీరలు పొరలుగా పరిచి కుట్టేవాళ్లు. ఏసీ రూములో దాని విలువ తెలుస్తుంది. బొంతను అంచు నుంచి కుట్టుకుంటూ వస్తే పొరలు జరిగి మధ్యలో ఉబ్బుతుంది. ముందు మధ్య నుంచి అంచులకు పొడుగు పొడుగు అంగలతో కచ్చా కుట్టు వేసి, దాని మీద అసలు కుట్టు వేస్తే సాపుగా వస్తుంది. కచ్చా కుట్టు మన షట్టరింగ్ లాంటిది. పని అయ్యాక తీసేస్తాం. ఇంకో మాట, కొత్త కాటన్ బట్టను ఉతికి ఆరేసిన తర్వాతే కత్తిరించండి. లేకపోతే మొదటి ఉతుకుకే బట్ట కుంచించుకుపోయి కుట్టు ముడతలు పడుతుంది.

నర్సాపురం వైపు అన్న ఒకాయన లేసు అల్లిక నేర్చుకుంటున్నాడు. ఇంటి దగ్గర వదిన వీడియో కాల్‌లో చెప్తుంటే కొక్కెం సూదితో అల్లుతాడు. లెక్క తప్పితే కొస పట్టుకుని లాగుతాడు. వరుసలన్నీ విడిపోతాయి, కానీ దారం మాత్రం చేతిలోనే ఉంటుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, సైట్‌కి కొత్తగా వచ్చిన పిల్లలు అడగటానికి భయపడతారు. కాంక్రీటు గట్టిపడ్డాక సరిచేయాలంటే బ్రేకర్ పెట్టాల్సిందే. ఆ భయంతో అర్థం కాకపోయినా "సరే అన్నా" అనేస్తారు. అక్కడే ప్రమాదం మొదలవుతుంది. మాతో కూర్చుని ఒకే పట్టీని నాలుగుసార్లు విప్పి కుట్టిన తమ్ముడొకడు తర్వాత సైట్‌లో, "అన్నా, ఈ డ్రాయింగ్ అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పు" అన్నాడు. సంచి కంటే ఆ మాటే మాకు ఎక్కువ.

అయితే ఒక హద్దు ఉంది. సేఫ్టీ బెల్టును, అంటే హార్నెస్‌ని, ఎప్పుడూ చేత్తో కుట్టకండి. కుట్టిన బెల్టు బయటికి బాగానే కనిపిస్తుంది. అది ఆగుతుందో లేదో మనిషి పడ్డప్పుడే తెలుస్తుంది. పట్టీ కోసుకుపోయినా, కుట్టు తెగినా, ఒక్కసారి పడిన మనిషిని ఆపినా, దాన్ని పక్కన పెట్టి సేఫ్టీ ఆఫీసర్‌కి ఇవ్వండి. వెల్డింగ్ వాళ్లు వేసుకునే, మంట తట్టుకునే కవరాల్‌కి మామూలు పాలిస్టర్ దారం వాడొద్దు. వేడికి అది కరుగుతుంది. జాకెట్ మీద మెరిసే పట్టీ వెలిసిపోతే కొత్తది అడగండి. ఇవన్నీ ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీది. అడగటానికి మొహమాటం వద్దు.

ఇక్కడ ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని ఆపుతారు. ఆ టైములో సూది పట్టకండి. నీళ్లు తాగి నడుం వాల్చండి. కుట్టుపని సెలవు రోజుకి ఉంచుకోండి. వచ్చేటప్పుడు ఒక పాత లుంగీ తెచ్చుకోండి. సూదీ దారం మేం ఇస్తాం.

సంచి మీద ఎన్నిసార్లయినా చేసి చూడండి. బెల్టు మీద ఒక్కసారి కూడా వద్దు.