రాయబారికి ఉన్నది మాట ఒక్కటే



అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 5వ అధ్యాయములో విశ్వాసుల సేవను రాయబారముతో పోల్చెను. ఈ మాట మనము తరచుగా వినుచున్నాము. అయితే రాయబారి చేయవలసిన పని ఏమిటి? దీనిని గ్రహించుటకు మన కేథలిక్ సహోదరుల చరిత్రనుండి ఒక దృష్టాంతమును మీ యెదుట ఉంచుచున్నాను.

పోపుగారు పరదేశములకు పంపు రాయబారిని నున్షియో అందురు. సాధారణముగా ఆయన ఆర్చిబిషప్పు అయి యుండును. ఆయనకు ముఖ్యమైన పనులు రెండు. ఆ దేశమందలి సంఘముల స్థితిగతులను రోమునకు తెలుపుట, బిషప్పు పదవికి తగినవారిని విచారించుట మొదటిది. ప్రభుత్వముతో పోపుగారి పక్షమున మాటలాడుట రెండవది. మన దేశముతో ఈ దౌత్య సంబంధము 1948లో ఏర్పడినది. అనేక దేశములలో రాయబారులందరిలో నున్షియోకే పెద్దరికమిచ్చు ఆచారము కలదు. 1961 నాటి వియన్నా ఒప్పందము ఆ ఆచారమును నిలిపినది. ఇంత గౌరవమున్నను ఆయన వెనుక సైన్యము లేదు, వర్తకము లేదు. ఉన్నది మాట ఒక్కటే.

ఆ మాట 1944లో హంగరీ దేశమున పరీక్షింపబడినది. ఆంజెలో రొత్తా అను ఆర్చిబిషప్పు 1930 నుండి బుడాపెస్టులో నున్షియోగా నుండిరి. మార్చి 19న జర్మను సేనలు ఆ దేశమును ఆక్రమించెను. మే 15న యూదులను గుంపులు గుంపులుగా రైళ్ళలో ఆష్విట్జ్ మరణ శిబిరమునకు పంపుట ఆరంభమైనది. ఆ దినముననే రొత్తాగారు ప్రభుత్వమునకు నిరసన పత్రము పంపిరి. జూన్ 25న పోపు పన్నెండవ పయస్ గారు దేశపాలకుడైన హోర్తీకి తంతి పంపిరి. ఇతర దేశముల ఒత్తిడియు తోడై, జూలైలో రైళ్ళు ఆగెను. అప్పటికే 4 లక్షల 30 వేల మందికి పైగా కొనిపోబడిరి.

అక్టోబరులో ఏరో క్రాస్ పక్షము వారు అధికారమును చేజిక్కించుకొనగా బుడాపెస్టు యూదులకు మరల ప్రాణాపాయము కలిగెను. అప్పటికి రొత్తాగారికి 72 ఏండ్లు. ఆయన వేలకొలది రక్షణ పత్రములు ఇచ్చిరి. తమకున్న పెద్దరికమును వినియోగించి, తటస్థ దేశముల రాయబారులను కూడగట్టి ఉమ్మడి నిరసనలు పంపిరి. నగరము ముట్టడిలో నున్నను విడిచిపోలేదు. 1997లో యెరూషలేములోని యాద్ వాషెమ్ సంస్థ ఆయనను నీతిమంతుల జాబితాలో చేర్చినది.

ప్రియులారా, ఆయన మాట అందరినీ రక్షింపలేకపోయెను. దీనిని మనము దాచరాదు. అయినను ఎవరు వింటారులే అని ఆయన ఊరకుండలేదు. మాట చాలనప్పుడు సంతకముతో, సంతకము చాలనప్పుడు తోటివారిని కలుపుకొని పనిచేసిరి. వారు తన సంఘస్థులు కారే అనియు తప్పించుకొనలేదు.

మన డయోసీసుకు నూరేండ్లు నిండినవి. కట్టిన గుడులను, బడులను, ఆసుపత్రులను లెక్కించి దేవునికి స్తోత్రము చెల్లించుచున్నాము; అది న్యాయమే. మరియొక లెక్క కూడా చూచుకొందము. మన ఊరిలో దిక్కులేనివానికి అన్యాయము జరిగిన దినమున, వాడు మన సంఘమువాడు కాకపోయినను, మునసబు ఎదుట, పోలీసు ఎదుట మనలో ఎవరు నోరు తెరచిరి? ఎవరు ఊరకుండిరి? క్రీస్తు రాయబారులమని చెప్పుకొను మనము రెండవ శతాబ్దములో ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవారమై యుందుము గాక. ఆమెన్.