కలకత్తాలో బౌహౌస్: చిత్రకళలో తూకం గురించి

రాజమహేంద్రవరంలో చిత్రకళ గురించి మాట్లాడటం కొంచెం భయమే. ఇది చిత్రకారుడు దామెర్ల రామారావు ఊరు; మీలో చాలామంది ఆయన గ్యాలరీ మెట్లు ఎక్కుతూ దిగుతూ పెరిగినవాళ్ళు. అందుకే ఇవాళ కళాచరిత్ర మొత్తం జోలికి పోను. ఒకే ఒక్క ప్రదర్శన గురించి చెబుతాను.

1922 డిసెంబరు, కలకత్తా. ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ వారి పద్నాలుగో వార్షిక ప్రదర్శన. ఈ సంస్థను 1907లో పెట్టిన వాళ్ళలో ముఖ్యులు అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్ ఠాగూర్ సోదరులు. మామూలుగా అక్కడ బెంగాల్ చిత్రకారుల నీటిరంగుల బొమ్మలు ఉండేవి. ఆ ఏడు వాటితోపాటు జర్మనీలోని వైమార్ నుంచి బౌహౌస్ అనే కళల బడికి చెందిన కళాకారుల పనులు వచ్చాయి. పాల్ క్లే, కాండిన్స్కీ, ఫైనింగర్, ఇట్టెన్! యూరప్‌లోనే చాలామందికి మింగుడుపడని బొమ్మలు ఓడెక్కి హుగ్లీ తీరానికి చేరాయి. ఎక్కువగా కాగితం మీద చేసినవే.

తెప్పించింది స్టెల్లా క్రామ్రిష్. వియన్నాలో చదువుకుని, రవీంద్రనాథ్ ఠాగూర్ పిలుపు మీద శాంతినికేతన్ వచ్చి పాఠాలు చెబుతున్న కళాచరిత్రకారిణి. అప్పటికి ఆమెకు 26 ఏళ్ళు. ఇట్టెన్‌కు ఉత్తరం రాసి అడిగింది, వాళ్ళు పంపారు. జర్మన్ మార్కు రోజురోజుకూ పడిపోతున్న కాలమది. నాలుగు బొమ్మలు అమ్ముడుపోతే బాగుండునన్న ఆశ అవతలివాళ్ళకు లేకపోలేదు. చివరికి అమ్ముడుపోయినవి నామమాత్రం.

సరే, ఇందులో తూకం సంగతి ఎక్కడుంది అంటారా? ముందు ఇట్టెన్ దగ్గరికి వెళ్దాం. బౌహౌస్‌లో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి పాఠాలు ఆయనే చెప్పేవాడు. ఆ పాఠాలకు మూలం వ్యతిరేకాలు: వెలుగు-చీకటి, గరుకు-నునుపు, పెద్ద-చిన్న, నిలువు-అడ్డం. విద్యార్థి వాటిని ముందు చేత్తో తడిమి ఒంటికి పట్టించుకోవాలి, ఆ తర్వాతే గీయాలి. కాండిన్స్కీ కూడా రంగుల్ని ఎదురెదురుగా నిలబెట్టి ఆలోచించినవాడే. పసుపు చూసేవాడి మీదికి వస్తుంది, నీలం లోపలికి జారుకుంటుంది అంటాడు. నల్లరంగు పక్కన లేనిదే తెలుపుకు పని లేదని నమ్మిన బడి అది.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. సమతౌల్యం అనగానే మనం చెరి సగం అనుకుంటాం. సంతలో త్రాసు చూడండి. ఒక పళ్ళెంలో తోటకూర కట్టలు కుప్పగా, రెండో దాంట్లో గుప్పెడంత ఇనుప రాయి. ముల్లు నిటారుగా నిలుస్తుంది. బొమ్మలోనూ అంతే. పరచుకున్న లేత రంగుకు ఒక మూలనున్న చిన్న ముదురు మచ్చ సరితూగుతుంది. రెంటినీ కలిపేసి బూడిదరంగు చేస్తే అది రాజీ అవుతుంది, తూకం కాదు. 'సమన్వయం' పేరుతో మన సభల్లో జరిగేది ఎక్కువగా ఆ బూడిదరంగు వ్యవహారమే అని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోనక్కరలేదు.

ఇప్పుడు గగనేంద్రనాథ్. వయసు యాభై దాటింది. అంతకుముందు వ్యంగ్య చిత్రాలతో బెంగాలీ బాబుల్ని చెడుగుడు ఆడుకున్న మనిషి. సరిగ్గా ఆ రోజుల్లోనే క్యూబిజాన్ని పట్టుకున్నాడు. పారిస్ క్యూబిస్టులు సీసాల్నీ గిటార్లనీ ముక్కలు చేసి, మట్టి రంగుల్లో, భావోద్వేగం దరిచేరనీయకుండా పరిచారు. ఈయన ముక్కలు చేసింది వెలుగును. చీకటి గదులు, ఎక్కడికో పోయే మెట్లు, తలుపు సందులోంచి కోసుకుని పడే కాంతి. రేఖాగణితం పడమటిదే, లోపల నడిచేది మాత్రం ఒక నాటకం. ఠాగూర్ నాటకాలకు రంగాలంకరణ చేసిన చెయ్యి కదా అది! క్రామ్రిష్ అదే ఏడాది 'రూపం' పత్రికలో ఆయన్ని భారతీయ క్యూబిస్టు అంటూ వ్యాసం రాసింది. అనుకరణ అని కొట్టిపారేసినవాళ్ళు ఆ తర్వాతా ఉన్నారు. నాకు మాత్రం ఆయన పడమటి గణితాన్ని అప్పు తెచ్చుకుని, వడ్డీ మన నాణేల్లో కట్టాడనిపిస్తుంది.

అటువైపు ఏమైందో చూడండి. ఇట్టెన్ మజ్దజ్నాన్ అనే మతశాఖలో చేరి, ఉపవాసాలు, శ్వాస వ్యాయామాలు, శాకాహారం అంటూ బౌహౌస్ వంటగదిని కూడా మార్చేశాడు. కాండిన్స్కీ దివ్యజ్ఞాన సమాజం పుస్తకాలు చదివినవాడు. అంటే జర్మనీ వాడు తూర్పు ఆధ్యాత్మికత కోసం చూస్తుంటే, కలకత్తా వాడు పడమటి గణితం కోసం చూస్తున్నాడు. ఎవరి దగ్గర లేనిది వాళ్ళు ఎదుటివాడి ఇంట్లో వెతుక్కున్నారు.

ఇంకో జత నాకు మరీ ఇష్టం. గగనేంద్రనాథ్ చెల్లెలు సునయనీ దేవి. ఏ బడిలోనూ బొమ్మలు నేర్చుకోలేదు. ముప్ఫై దాటాక, ఇంటి పనుల మధ్య కుంచె పట్టి, పల్లె పటాల్లోని పెద్ద పెద్ద కళ్ళతో రాధల్నీ కృష్ణుల్నీ వేసింది. క్లే సంగతి తిరగబడింది. శాస్త్రీయంగా నేర్చుకున్నదంతా పక్కనపెట్టి పసివాడి గీత కోసం ఏళ్ళ తరబడి కష్టపడ్డాడు. ఒకరు చదువుకోక చేరిన చోటికి ఇంకొకరు చదువు వదిలించుకుని చేరారు.

మరి ఇన్ని తేడాలున్న బౌహౌస్ వాళ్ళు, బెంగాల్ వాళ్ళు ఒకే చోట ఎలా ఇమిడారు? ఇద్దరికీ ప్రత్యర్థి ఒకడే. కంటికి కనిపించింది కనిపించినట్టు దించమనే పాత అకాడమీ చదువు. బెంగాల్‌లో అది తెల్లదొరల చదువు కూడా. వాళ్ళు దాన్నుంచి ఒక దిక్కుకు నడిచారు, వీళ్ళు మరో దిక్కుకు. ప్రదర్శన నిలబడింది ఆ ఇరుసు మీదే అంటాను.

ఈ గాలి మనదాకా రాలేదనుకోవద్దు. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ బెంగాల్ పద్ధతి నేర్పాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. మన దామెర్ల బొంబాయి జె.జె. స్కూల్లో మనిషి ఒళ్ళు చూసి గీయడం నేర్చుకున్నాడు, అజంతా రేఖనూ వదల్లేదు. ఋష్యశృంగుడి కథ బొమ్మగా వేశాడు: తపస్సు ఒకవైపు, శృంగారం ఒకవైపు. 1925లో, 28వ ఏట పోయాడు.

కలకత్తా తూకం కూడా ఎక్కువకాలం నిలవలేదు. 1923లో ఇట్టెన్ బౌహౌస్ వదిలేశాడు. ఆ బడి యంత్రాల వైపు, కర్మాగారాల వైపు తిరిగింది. 2013లో డెసావ్‌లోని బౌహౌస్ సంస్థ ఆ పాత ప్రదర్శనను మళ్ళీ తవ్వితీసి, దాని మీదే ఒక ప్రదర్శన పెట్టింది. అంటే ఈ కథ జర్మనీ వాళ్ళు గుర్తుచేసుకోవడానికి తొంభై ఏళ్ళు పట్టింది. మన పాఠ్యపుస్తకాలు ఇంకా గుర్తుచేసుకోలేదు.

ప్రశ్నలుంటే అడగండి. వెనక వరసల్లో వాళ్ళు కాస్త గట్టిగా.