గోడపత్రికకు కర్త యెవరు?



ఎన్నికలు సమీపించిన దినములలో గోల్‌మురి గోడల రూపము రాత్రికి రాత్రి మారిపోవును. అభ్యర్థి ముఖము, పార్టీ గుర్తు, మూరెడేసి అక్షరములలో వాగ్దానములు బాటసారిని నిలువరించును. ఆ కాగితపు అడుగు అంచున చీమ తలకాయంత అక్షరములలో మరియొక పంక్తి యుండును. ఫలానా ముద్రణాలయము, ఫలానా ప్రచురణకర్త, వారి చిరునామాలు. ఆ పంక్తిని చదువువారు బహు అరుదు. చట్టము పట్టుబట్టి వ్రాయించినది మాత్రము ఆ పంక్తినే.

స్వతంత్ర భారతమున తొలి సార్వత్రిక ఎన్నికలకై 1951లో ప్రజాప్రాతినిధ్య చట్టము వెలువడినది. ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు లేని గోడపత్రికను వెలువరించుటను ఆనాడే అక్రమ చర్యలలో చేర్చిరి. 1956 నాటి సవరణలలో ఆ భాగము తొలగిపోయినది. 1961లో 127-ఎ అను సెక్షను రూపమున ఆ నియమము తిరిగి వచ్చినది. నేటికిని అదియే అమలులో నున్నది.

దాని విధానము సులభగ్రాహ్యము. అచ్చు వేయింపగోరువాడు తానెవరో తెలుపుచు డిక్లరేషను వ్రాసి సంతకము చేయవలెను. అతనిని స్వయముగా ఎరిగిన ఇద్దరు దానిపై సాక్షి సంతకములు చేయవలెను. రెండు ప్రతులు ముద్రాపకునకు అందవలెను. ముద్రాపకుడు అచ్చైన పత్రముతోపాటు అందొక ప్రతిని అధికారికి పంపవలెను. రాష్ట్ర రాజధానిలో అచ్చైనచో ప్రధాన ఎన్నికల అధికారికి, ఇతరత్ర అచ్చైనచో ఆ జిల్లా మేజిస్ట్రేటునకు అది చేరవలెను.

గోల్‌మురిలో అచ్చైన పత్రము తూర్పు సింగ్‌భూమ్ జిల్లా డిప్యూటీ కమిషనరు కార్యాలయమునకు పోవును. రాంచీలో అచ్చైనచో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి పోవును. ఇచటి తెలుగు కుటుంబముల కొరకు ఎవరైన తెలుగు కరపత్రమును శ్రీకాకుళమున అచ్చువేయించి తెచ్చినచో, డిక్లరేషను శ్రీకాకుళము కలెక్టరునకు చేరవలెను. కాగితము ఏ గోడ నంటుకొన్నను, చట్టము అచ్చుయంత్రమున్న ఊరినే అడుగును.

చేతితో ఎత్తి వ్రాయుట తప్ప, ప్రతులను పెంచు ఏ పద్ధతియైనను ముద్రణమే యని చట్టము చెప్పుచున్నది. కనుక యంత్రముపై నకళ్లు తీసి పంచినవాడు ‘ఇది అచ్చు కాదు’ అని తప్పించుకొనజాలడు. సభ జరుగు తేదీ, వేళ, స్థలము మాత్రమే తెలుపు ప్రకటనలకును, కార్యకర్తలకిచ్చు సాధారణ సూచనలకును మినహాయింపు కలదు. నియమమును మీరినవారికి ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును.

ఎన్నికల సంఘము దీనికి మరికొన్ని ఆదేశములు చేర్చినది. ఎన్ని ప్రతులు వేసిరో, ఎంత వెల పుచ్చుకొనిరో ముద్రాపకుడు మూడు దినములలో తెలుపవలెను. ఏలయన, జార్ఖండ్‌లో 2022 నుండి అభ్యర్థి వ్యయమునకు లోక్‌సభ ఎన్నికలలో 95 లక్షలు, శాసనసభ ఎన్నికలలో 40 లక్షల రూపాయలు పరిమితి. కర్త లేని కాగితము ఖర్చును ఎవరి ఖాతాలో వ్రాయగలరు?

అంతకన్న పెద్ద ప్రమాదము వేరొకటి కలదు. పోలింగు ముగియుటకు ముందు 48 గంటలు బహిరంగ సభలు నిషిద్ధము. ఆ చివరి రాత్రి ఒక అభ్యర్థి శీలమును దూషించు కరపత్రము ప్రతి గడపలోను పడినదనుకొందము. బదులు చెప్పుటకు అతనికి వేదిక లేదు, వ్యవధి లేదు. తెలిసి తెలిసి అట్టి అసత్యమును ప్రచురించుట అదే చట్టములోని 123(4) ప్రకారము అవినీతి చర్య. ప్రత్యర్థి సమ్మతితోనే అది జరిగినదని రుజువైనచో ఎన్నిక రద్దు కావచ్చును. కాని కర్త యెవరో తెలియనిదే సమ్మతిని రుజువు చేయుటెట్లు? ఆ అడుగు పంక్తియే దారము. అది తెగినచో న్యాయస్థానమునకు పట్టుకొనుటకేమియు మిగులదు.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. పేరు చెప్పిన బీదవానికి బలవంతుని వలన హాని కలుగదా? అమెరికా సుప్రీంకోర్టు 1960లో లాస్ ఏంజిలెస్ నగర నిబంధనను, 1995లో ఒహాయో రాష్ట్ర చట్టమును ఈ కారణముననే కొట్టివేసినది. ఒహాయోలో పాఠశాల పన్నును వ్యతిరేకించు కరపత్రములు పంచిన ఒక గృహిణికి నూరు డాలర్ల జరిమానా పడియుండెను. బ్రిటన్ ఇందుకు భిన్నమైన మార్గమున నడచినది. 2022 నాటి చట్టముతో ఇంటర్నెట్ ప్రచారమునకు సైతము ప్రచురణకర్త పేరు నియమము విస్తరించినది.

మన చట్టము రెండింటికిని హద్దు గీచినది. ఓటు రహస్యము, ప్రచారము బహిరంగము. భయపడు కార్మికునకు ఓటు పెట్టె వద్ద సంపూర్ణమైన మరుగు కలదు. వేలమంది మనస్సును మార్చుటకు అచ్చువేయించువాడు మాత్రము తన ఊరు, పేరు చెప్పి నిలువవలెను. ఈ విభజన న్యాయమైనదే.

కేంద్రప్రభుత్వోద్యోగుల ఇండ్లలో ఇది మరింత యోచింపవలసిన విషయము. పొరుగింటి యువకుడు డిక్లరేషను కాగితము తెచ్చి, “బాబాయిగారూ, నేనెవరో మీకు తెలియదా? ఒక్క సంతకమే గదా!” అనవచ్చును. కాదనుటకు నోరు రాదు. అయినను, 1964 నాటి ప్రవర్తన నియమావళి ఐదవ నియమము ఎన్నికలలో ప్రచారము చేయుటను, పలుకుబడి వినియోగించుటను ఉద్యోగికి నిషేధించినది. తన దేహముపై, వాహనముపై, నివాసముపై ఎన్నికల గుర్తును ప్రదర్శించుటయు పలుకుబడి వినియోగమే యని అందు వివరణ కలదు. సాక్షి సంతకము తెలిసిన ముఖమునకే యైనను, చేరునది ఎన్నికల పత్రముతో కూడి అధికారి కార్యాలయమునకు. కనుక “నాయనా, ఉద్యోగములో లేని పెద్దలను అడుగుము” అని ఆప్యాయముగా చెప్పి పంపుటయే మేలు. క్వార్టరు గోడ విషయములోను ఇంతే.

ఈ నియమమునకు బలహీనతలున్నవి. 1961 నాటి రెండు వేల రూపాయల జరిమానా నేటికిని రెండు వేలే. నాడు గడపలో పడిన కరపత్రము నేడు చేతిలోని ఫోనులో పడుచున్నది. అడుగున ఏ పేరును ఉండదు, పంపినవాడు మాత్రము మన బంధువే. చట్టము చేరలేనిచోట చదువరి వివేకమే కాపలా.

కనుక ఈసారి గోడపత్రిక ముందు నిలిచినపుడు, పెద్ద అక్షరములకన్న ముందు చిన్న అక్షరములను చదువుడు. పిల్లలకును చూపుడు. ఊరు, పేరు లేని మాటను పదిమందికి అందింపకుడు.