పాత బండి కొన్న తరువాత



వేములవాడ నుంచి కోరుట్ల పోయే తోవలో ఉన్న మన రుద్రంగి వైపు ఎక్సెల్ మోపెడ్ అంటే తెలియనివారు లేరు. మగవాళ్ళు దుబాయికో, మస్కట్‌కో పోయిన ఇళ్ళలో, చుట్టిన బీడీలు కార్ఖానాలో ఇచ్చిరావాలన్నా, పొలానికి ఎరువు బస్తా చేరాలన్నా ఆడవాళ్ళే బండి తీయాలి. కొత్తది కొనే స్తోమత లేక పాతది కొంటాం. నెల తిరగకముందే అది తోవలో ఆగుతుంది. "ఇంజను విప్పాలమ్మా, బోరు కొట్టించాలి" అంటాడు మెకానిక్. కూడబెట్టిన బీడీ పైసలు కాస్తా అక్కడే పోతాయి. ఆ మాట పడకముందే మనం తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, మన బండి ఏ రకం? నెంబరు చూడండి. ఏపీ 15 అని ఉంటే అది 2014కో, అంతకు ముందుకో చెందిన పాత కరీంనగర్ జిల్లా బండి. ఆనాటి ఎక్సెల్‌లు టూ స్ట్రోక్‌వి. వాటికి పెట్రోలులోనే ఆయిలు కలపాలి, లీటరుకు సుమారు 20 మిల్లీలీటర్లు. కలపకపోతే పిస్టనుకు జిడ్డు అందక, వేడికి ఉబ్బి సిలిండరులో పట్టేస్తుంది. తరువాత వచ్చిన ఎక్సెల్ 100 ఫోర్ స్ట్రోక్ బండి. దాని ఆయిలు ఇంజను అడుగున వేరుగా ఉంటుంది. పెట్రోలులో కలిపితే పొగ, ప్లగ్గు నిండా మసి. కనుక కొనేటప్పుడే ఈ సంగతి అమ్మేవారిని అడగండి.

రెండవది, బండి ఆగితే కిక్కు మీద కిక్కు కొట్టకండి. పెట్రోలు ఉందా, ట్యాప్ తెరిచి ఉందా చూడండి. ఇంజను చల్లారాక ప్లగ్గు విప్పించండి. లేత గోధుమరంగులో ఉంటే బాగున్నట్టే. పొడి మసి పట్టి ఉంటే గాలి ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు. ఇవి చిన్న ఖర్చులు. కిక్కు అసలు దిగకపోతే మాత్రం ఇంజను పట్టేసి ఉండవచ్చు. కాగిన ఇంజను మీద నీళ్ళు పోయకండి, బలవంతంగా తొక్కకండి. టూ స్ట్రోక్ బండికి కొంచెం పొగ సహజం. ఫోర్ స్ట్రోక్ బండి ఆగకుండా నీలి పొగ కక్కుతుంటే ఆయిలు లోపల మండుతున్నదన్న మాట. అప్పుడు మెకానిక్ మాట నిజమే కావచ్చు. అయినా మీ ఎదుటనే విప్పమనండి, తీసేసిన పాత సామాను అడిగి తీసుకోండి.

మూడవది, బోరుకు డబ్బు పెట్టేముందు ఆర్.సి. బుక్కు తెరవండి. సొంత బండ్లకు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. 2010లో రిజిస్టరైన బండికి 2025తో గడువు నిండింది. మళ్ళీ తనిఖీ చేయించి పొడిగించుకోకుండా అది రోడ్డెక్కకూడదు. పేరు మారిందో లేదో కూడా చూడండి. ఫారం 29, ఫారం 30 మీద అమ్మినవారి సంతకాలు కొన్ననాడే తీసుకోవాలి. తరువాత వాళ్ళు దొరకవచ్చు, దొరకకపోవచ్చు.

బండి పాతదైతే చిన్నతనం కాదు. దాని వయసు, దాని ఆకలి తెలిసి నడిపితే అది మన కష్టానికి తోడుగా నిలుస్తుంది.