వాక్యానికీ ఓ కొలత



పప్పుకి నీళ్ళెన్ని పొయ్యాలో, పాయసానికి బెల్లమెంత వెయ్యాలో మనకి తెలుసు. రాసే వాక్యానికి కూడా కొలత ఉంటుందంటే మాత్రం నవ్వుతారేమో. కానీ కొలిచినవారున్నారు. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ఇంగ్లీషు రాతకి ఒక లెక్క కట్టారు. వాక్యానికి సగటున ఎన్ని మాటలున్నాయి, ఒక్కో మాటలో ఎన్ని విడి పలుకులున్నాయి అన్నవి చూసి, ఆ రాత చదవడానికి ఎంత సులువో అంకెలో తేల్చే లెక్క అది.

మనకి అంత గణితం అక్కరలేదు. ఓ పెన్సిలు చాలు. రాసినదాంట్లో మాటలు లెక్కపెట్టండి. వాక్యాలు లెక్కపెట్టండి. మాటల్ని వాక్యాలతో భాగించండి. వచ్చినదే సగటు.

ఒక్క జాగ్రత్త. చుక్క కనిపించిన చోటల్లా వాక్యం ముగిసిందనుకోకండి. ‘రూ.’ అని రాసినా, ‘2.5 కిలోలు’ అని రాసినా చుక్క పడుతుంది. ‘ఓ.ఆర్.ఎస్.’ అన్నదాంట్లో మూడు చుక్కలున్నాయి, వాక్యం ఒక్కటీ లేదు!

ఇల్లాలికి ఈ లెక్కతో పనేమిటంటారా? పసివాడికి విరేచనాలు పట్టుకున్నాయి. తల్లి చేతిలో ఓ కాగితం ఉంది. అందులో ఇలా ఉందనుకుందాం:

“కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు సమంగా కొలిచి వేసి కరిగేదాకా కలిపి, బిడ్డకు కొద్దికొద్దిగా తాగిస్తూ, తల్లిపాలు మానకుండా, 24 గంటలు దాటితే మిగిలినది పారబోసి, బిడ్డ మగతగా ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళవలెను.”

లెక్కపెట్టండి. 31 మాటలు, ఒకటే వాక్యం. కొలిచి, వేసి, కలిపి, తాగిస్తూ, పారబోసి అంటూ ఒకదాని కొంగు పట్టుకుని ఒకటి వస్తున్నాయి. బళ్ళో అసమాపక క్రియలని చదువుకున్నామే, అవే ఇవి. వీటితో తెలుగు వాక్యాన్ని ఎంత దూరమైనా లాగవచ్చు. చిక్కు కూడా అక్కడే ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైన ఆస్పత్రి మాట చివర ఎక్కడో దాక్కుంది. 24 గంటలూ చూసి, మిగిలిన నీళ్ళు పారబోశాక ఆస్పత్రికి వెళ్ళాలి కాబోలని, కంగారులో ఉన్న ఆ తల్లి అనుకుంటే?

ఇప్పుడు ఇది వినండి:

“లీటరు నీళ్ళు కాచి చల్లార్చండి. అందులో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు సమంగా కొలిచి కలపండి. బిడ్డకు కొద్దికొద్దిగా తాగించండి. తల్లిపాలు మానవద్దు. 24 గంటలు దాటితే మిగిలినది పారబోయండి. బిడ్డ మగతగా ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.”

30 మాటలు, ఆరు వాక్యాలు. సగటు అయిదు. మాటలు ఇంచుమించు అవే, కానీ ఏ పనికాపని విడిగా కనబడుతోంది. (మందుల షాపులో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఉంటే అదే మేలు. అది అందనప్పటి మాట ఇది.)

ఇంగ్లీషువారి అంకెలు మనకి ఉన్నవున్నట్టు పనికిరావు. ‘వెళ్ళలేకపోయినప్పటికీ’ అన్నది మనకి ఒక్క మాట. ఇంగ్లీషులో అదే చెప్పాలంటే అయిదారు మాటలు కావాలి. అందుచేత పది మాటలే కదా అని తెలుగు వాక్యాన్ని చిన్నదనుకోకూడదు.

అలాగే పొట్టిగా ఉన్నంత మాత్రాన సులువూ కాదు. ‘నిర్జలీకరణ నివారణ ఆవశ్యకం’ మూడే మాటలు. ‘ఒంట్లో నీరు తగ్గిపోకుండా చూడాలి’ నాలుగు. ఏది తెలుస్తోందో మీరే చెప్పండి.

అన్నీ తుంచెయ్యమనడం లేదు సుమండీ. కథలోనూ, పుట్టింటికి రాసే ఉత్తరంలోనూ పొడుగూ పొట్టీ కలిస్తేనే అందం. కానీ మందు సంగతైనా, గ్యాసు పొయ్యి సంగతైనా, చెయ్యవలసిన పని చెప్పేచోట వాక్యానికి ఒకటో రెండో పనులు చాలు.

ఈసారి ఊరికి వెళుతూ అత్తగారి మందుల వేళలు కాగితం మీద రాసిపెట్టవలసి వస్తే, రాశాక ఒకసారి పైకి చదవండి. ఊపిరి అందని చోట చుక్క పెట్టండి. ఆపైన లెక్కపెట్టి చూసుకోండి. ఏ మాత్ర ఎప్పుడో ఆవిడ ఎవరినీ అడక్కుండా వేసుకోగలిగితే, మీ లెక్క సరిపోయినట్టే.

సెలవు.