ఒళ్ళు చేయడమంతా ఆరోగ్యం కాదు
(సంగారెడ్డి ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



పొద్దున పాలు పోసే వరుసలో నిలబడితే ఊరి సంగతులన్నీ తెలుస్తాయి. "మీ పిల్లవాడు నిమ్మళపడ్డాడు, ఒళ్ళు కూడా చేశాడు" అని ఎవరైనా అంటే తల్లి సంతోషిస్తుంది. ఆ ఒళ్ళు చేయడం గురించే మేము నాలుగు మాటలు చెప్పదలచాము.

లేని మాటలు వినబడడం, అందరి మీద అనుమానం వంటి మనోవ్యాధులకు 1952 నుండి మందులు వాడుకలో ఉన్నవి. వాటి వల్ల ఎందరో కోలుకొని మళ్ళీ పనిలో పడుతున్నారు. అయితే కొన్ని మందులు, ముఖ్యంగా ఓలాంజపిన్, క్లోజపిన్, ఆకలిని విపరీతంగా పెంచుతాయి. శరీరంలో ఇన్సులిన్ పనిని దెబ్బతీస్తాయి. కొన్ని నెలలలోనే చక్కెర వ్యాధి రావచ్చు. హాలోపెరిడాల్, అరిపిప్రజోల్ వంటి వాటితో ఈ భయం తక్కువ. కొత్త తరం మందులన్నిటి మీద ఈ హెచ్చరిక ఉండాలని 2003లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కోరింది.

అతిదాహం, మాటిమాటికి మూత్రం, నీరసం కనబడితే ఇంట్లోవారు ఎండ అనో, మందు మత్తు అనో సరిపెట్టుకుంటారు. ఊళ్ళలో చక్కెర పరీక్షలు 30 ఏళ్ళు దాటినవారికి జరుగుతున్నవి. పాతికేళ్ళ పిల్లవాడిని ఎవరూ పిలవరు. మనమే అడగాలి.

పాలకు పూటపూటా వెన్న శాతం చూసుకుంటాము కదా! ఈ మందు మొదలుపెట్టే ముందు బరువు, నడుము కొలత, రక్తపోటు, పరగడుపు చక్కెర చూపించండి. మూడు నెలలకు మళ్ళీ, తరువాత కనీసం ఏడాదికొకసారి చక్కెర పరీక్ష చేయించండి. పరగడుపున 100 దాటితే జాగ్రత్తపడాలి. 126 లేక అంతకు మించితే మళ్ళీ పరీక్షించి నిర్ధారించుకోవాలి.

మన వైపు "ఎర్రగడ్డకు పంపాలి" అనేది వేళాకోళం మాట అయిపోయింది. ఆ సిగ్గుతోనే చక్కెర డాక్టరుకు మనసు మందుల చీటీ చూపించరు. రెండు చీటీలూ ఇద్దరు డాక్టర్లకూ చూపించండి. చక్కెర వచ్చిందని భయపడి మనసు మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, జబ్బు తిరగబెడుతుంది. మందు మార్చవచ్చునేమో డాక్టరు చూస్తారు, అవసరమైతే మెట్‌ఫార్మిన్ ఇస్తారు. సలహాకు 14416 టెలిమానస్ నంబరు ఉన్నది.

పాల సంఘం సభలో పాలు మానమంటామా? మానమనము. కాని చిక్కటి గేదె పాలలో పంచదార వేసి రోజుకు ఐదారు సార్లు చాయ్ తాగించవద్దు. దాహానికి మజ్జిగ ఇవ్వండి, సాయంత్రం మేతకు వెంట తీసుకుపోండి.

బరువు చూసే మిషను లేకపోతే దాణా బస్తాలు తూచే కాటా మీదనైనా నెలకొకసారి నిలబెట్టి, ఆ అంకెను పాల పుస్తకం వెనుక రాసి ఉంచండి.