ధ్యానం మందుకు తోడు, బదులు కాదు
(షోలాపూర్ తెలుగు కార్మిక కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



తరతరాల క్రితం తెలంగాణ నుండి తరలివచ్చిన పద్మశాలీలు షోలాపూర్‌లో మగ్గాన్ని నిలబెట్టారు. నేడు పవర్‌లూమ్‌ల నడుమ 12 గంటలు నిలబడి ఇల్లు చేరిన కార్మికునికి, యంత్రం ఆగినా చెవిలో మోత ఆగదు. ఒళ్లు అలసినా కన్ను మూతపడదు. ఇటువంటివారికి ధ్యానం ఏ మేరకు తోడ్పడుతుందన్నదే నేటి విషయం.

ఆందోళన కలిగినప్పుడు అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను విడుదల చేస్తాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, కండరాలు బిగుసుకుంటాయి. ఆపద గడిచాక ఇవి సద్దుమణగాలి. అప్పు, అద్దె, పిల్లల ఫీజుల చింత నిత్యమైనప్పుడు దేహానికి ఆ విరామం దక్కదు. నిదానమైన శ్వాస, నిలకడ గల దృష్టి ఆ విరామాన్ని కల్పిస్తాయి. అమెరికా వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో వెలువరించిన గ్రంథంలో ఈ విశ్రాంత స్థితిని వివరించారు.

2014లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 47 ప్రయోగాలలో పాల్గొన్న 3,515 మంది ఫలితాలను సమీక్షించారు. ధ్యానం వల్ల ఆందోళన, కుంగుబాటు, నొప్పి కొంతమేర తగ్గుతాయని తేల్చారు. మందులకంటే, వ్యాయామంకంటే ధ్యానం మిన్న అనడానికి మాత్రం ఆధారం లభించలేదన్నారు.

ఈ రెండవ మాటను మరువరాదు. మనసు తేలికపడిందని బీపీ మాత్ర మానివేయడం ప్రమాదకరం. రక్తపోటు పెరిగినా చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. పక్షవాతం వచ్చేవరకు తెలియకపోవచ్చు. మాత్ర తగ్గించే నిర్ణయం కొలతలు చూసిన వైద్యునిదే. తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారు దీర్ఘకాల మౌన శిబిరాలకు వెళ్లేముందు వైద్యుని తప్పక సంప్రదించాలి.

అభ్యాసానికి పద్మాసనం అక్కరలేదు, ఖర్చూ లేదు. షిఫ్టు ముగిశాక, భోజనానికి ముందు పది నిమిషాలు కుర్చీలోనైనా నిటారుగా కూర్చుని శ్వాస రాకపోకలను గమనిస్తే చాలు. మనసు పక్కకు పోతుంది. పోయిందని గ్రహించి మళ్లీ శ్వాసపైకి తేవడమే సాధన. తెగిన పోగును అతికి నేత సాగించడం వంటిదే ఇది.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి కరవైతే, బ్రతుకుపై విరక్తి కలిగితే ధ్యానంతో సరిపెట్టుకోరాదు. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబగళ్లు ఉచితంగా లభిస్తుంది. భాషను ఎంచుకునే వీలూ ఉంది. సాయం అడగడం బలహీనత కాదు. ఆ మాట ఇంటింటా చెప్పుకోవడం అందరి బాధ్యత.